సుద్దముక్కతో ఎండ కొలత: సక్యులెంట్ మొక్కలకు ఎంత ఎండ, ఏ వేళ

మా ఇల్లు శ్రీకాకుళం గుజరాతీపేటలో, మొదటి అంతస్తు. నా కుట్టుమిషన్ దక్షిణం కిటికీ పక్కన ఉంటుంది. పదహారేళ్ళుగా అక్కడే కూర్చుని బ్లౌజులు కుడుతున్నాను కాబట్టి ఆ కిటికీలోంచి ఎండ ఏ నెలలో వస్తుందో, ఏ నెలలో పోతుందో నాకు బాగా తెలుసు. దసరా కుట్టుపని మీద పడే రోజుల్లో, అక్టోబరు మొదట్లో, మధ్యాహ్నం ఎండ కిటికీ దిమ్మ మీదికి ఎక్కుతుంది. డిసెంబరు నెలాఖరుకి మిషన్ బల్ల దాటి గచ్చు మీదికి పాకుతుంది. శివరాత్రి దాటాక వెనక్కి తగ్గుతూ, మార్చి రెండో వారానికి దిమ్మ దిగి బయటికి వెళ్ళిపోతుంది. మళ్ళీ దసరా దాకా మధ్యాహ్నపు ఎండ ఆ కిటికీ తొక్కదు.

ఇంత తెలిసీ, నా మొక్కల విషయంలో ఈ లెక్క వాడాలని చాలాకాలం నాకు తట్టలేదు. జనవరిలో కడియం నర్సరీల నుంచి ఐదు ఎచెవేరియాలు తెచ్చుకున్నాను. గులాబీ పువ్వులా ఆకులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే సక్యులెంట్ అది, అంటే మందపాటి ఆకుల్లోనో కాడలోనో నీళ్ళు దాచుకునే మొక్క. దక్షిణం కిటికీ దిమ్మ మీద పెడితే ఫిబ్రవరి అంతా ముచ్చటగా ఉన్నాయి. ఏప్రిల్ వచ్చేసరికి మెడలు సాగాయి. ఆకుకీ ఆకుకీ మధ్య సందు వచ్చింది, రంగు వెలిసిపోయింది, అన్నీ గాజువైపు వంగిపోయాయి. నీళ్ళు చాలలేదేమో అనుకుని ఇంకా పోశాను. రెండు మొదలు కుళ్ళి పోయాయి.

మిగిలిన మూడింటినీ చూసి మా అత్తమ్మ అంది: "ఎడారి మొక్కలంతన్నావు, మరి ఎండంటే బయమేటమ్మా దానికి? మేడ మీద ఒగ్గీ." నిజమే కదా అనుకుని మే మొదటి వారంలో డాబా మీద పెట్టి, పాలకొండలో పెళ్ళికి వెళ్ళాం. మూడు రోజుల తరవాత తిరిగొచ్చేసరికి ఆకుల మీద ఇస్త్రీపెట్టె అంటుకున్నట్టు తెల్లటి మచ్చలు. వారానికి అవి గోధుమ రంగుకి మారి బిరుసెక్కాయి. చీకట్లో సాగినవాటిని ఒక్కసారిగా మే నెల ఎండలోకి తోశాను. తప్పు ఎండదీ కాదు, మొక్కదీ కాదు. సక్యులెంట్‌కు ఎండ ఇవ్వడమంటే ఎంత అన్నదానితో పాటు ఏ నెల, ఏ వేళ, ఎంత మెల్లగా అన్నది కూడా చూడాలని ఆ మూడు మొక్కలు కాలిపోయాకే తెలిసింది. ఆ తరవాత నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎండను గీయండి

మన కన్ను వెలుతురును కొలవలేదు. రాత్రి ట్యూబ్‌లైటు కింద నేను సన్నసూదిలో దారం ఎక్కించగలను. ఆ వెలుతురు కన్నుకు చాలు, మొక్కకు ఏమాత్రం చాలదు. ఫోనులో వెలుతురు కొలిచే యాప్ పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది. గది మధ్యలో ట్యూబ్‌లైటు కింద రెండు మూడు వందల లక్స్ (వెలుతురు కొలత). పగలు బయట మంచి నీడలో పది వేలకు పైన. నడినెత్తి ఎండలో లక్ష దగ్గర. కిటికీ దగ్గర నుంచి రెండడుగులు లోపలికి వస్తేనే సగానికి పైగా పడిపోతుంది. గదిలో కూర్చున్న మనకు అంతా ఒకేలా కనిపిస్తుంది. ఫోను కొలత అంత నికరంగా ఉండదు కానీ, ఇంట్లో ఏ చోటు ఏ చోటుకన్నా మెరుగో చెప్పడానికి చాలు.

యాప్ లేకపోయినా పర్లేదు. నేను చేసే పద్ధతి ఇది. ఒక ఆదివారం, మబ్బు లేని రోజు, టైలర్ చాక్ తీసుకోండి. మామూలు సుద్దముక్క అయినా సరే. బాల్కనీలో, కిటికీ దిమ్మ మీద, డాబా మీద, ఎక్కడెక్కడ కుండీ పెట్టాలనుకుంటున్నారో అక్కడ ఉదయం ఏడు గంటల నుంచి గంట గంటకూ ఎండ అంచు వెంట గీత గీయండి. గీత పక్కన గంట వేయండి. సాయంత్రానికి నేల మీద బ్లౌజు కటింగు గీసినట్టు గీతలు వస్తాయి. ఏ చోట ఎన్ని గంటలు నేరుగా ఎండ పడుతోందో, అది పొద్దుటి ఎండో మధ్యాహ్నపు ఎండో అప్పుడు కళ్ళకు కడుతుంది. నేను మొదటిసారి గీసినప్పుడు, రోజంతా ఎండ ఉంటుందనుకున్న మా తూర్పు బాల్కనీకి పొద్దున రెండున్నర గంటలే వస్తోందని తేలింది. ఎదురింటివాళ్ళు పైన ఇంకో అంతస్తు వేశాక అంత తగ్గిపోయింది.

నేరుగా ఎండ పడని చోట వెలుతురు చూడాలంటే తెల్లటి లైనింగు గుడ్డ పరిచి, దాని మీద అడుగు ఎత్తున కత్తెర పట్టుకోండి. అంచు కోసినట్టు నల్లటి నీడ పడితే అది నేరు ఎండ. నీడ అంచు మసకగా ఉన్నా కత్తెర ఆకారం తెలుస్తుంటే మంచి వెలుతురు. ఏదో మరకలా లీలగా కనిపిస్తే హవర్తియా, స్నేక్ ప్లాంట్ లాంటి నీడకు ఓర్చుకునే సక్యులెంట్లు మాత్రం బతుకుతాయి. నీడే పడకపోతే అక్కడ సక్యులెంట్ పెట్టకండి. అది వెంటనే చావదు. ఆకుల్లో దాచుకున్నది తింటూ నెలల తరబడి ఉంటుంది, మనం బాగుందనుకుంటాం.

నా కుట్టుపనిలో ఇంకో గుర్తు ఉంది. ఒకసారి ఒక కస్టమర్ ఇచ్చిన రాణీరంగు బ్లౌజు పీసును కిటికీ పక్క కడ్డీకి వేలాడదీసి మర్చిపోయాను. మడత బయటికి ఉన్న చోట నెలలోపే వెలిసింది, కొత్త పీసు కొనిచ్చాను. ఆ వెలిసిన మడత పక్కనే ఉన్న చిన్న జేడ్ మొక్క మాత్రం దట్టంగా పెరిగింది. అప్పటినుంచి ఏ చోటు మీదైనా అనుమానముంటే ఒక చవక ఎర్రగుడ్డ పీలికను సగం అట్టముక్కతో కప్పి అక్కడ పిన్ను పెడతాను. మూడు నాలుగు వారాలకు కప్పిన సగానికీ తెరిచిన సగానికీ తేడా కనిపిస్తే ఆ చోటికి ఎండ తగులుతున్నట్టే.

అరసవల్లి లెక్క

మా ఊరిని ఆనుకునే అరసవల్లి. ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ మబ్బు అడ్డం రాకపోతే పొద్దుటి కిరణాలు అనివెట్టి మండపం దాటుకుని వెళ్ళి సూర్యనారాయణస్వామి పాదాల మీద పడతాయి. చీకటితోనే వెళ్ళి నిలబడతాం. ఒక అక్టోబరులో ఆ దర్శనం చేసుకుని ఇంటికొచ్చి మిషన్ దగ్గర కూర్చుంటే, మధ్యాహ్నం ఎండ కిటికీ దిమ్మ మీదికి అప్పుడే ఎక్కింది. ఎండ దిమ్మ దిగిపోయేది కూడా మార్చి రెండో వారంలోనే అని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే దారిన నడుస్తాడు. అక్టోబరులో దక్షిణానికి పోతూ ఒకసారి, మార్చిలో ఉత్తరానికి వస్తూ ఒకసారి. గుడిలోకీ, మా ఇంటి కిటికీలోకీ అదే ఎండ, అదే వాలు.

అప్పటినుంచి నా కుండీలకు ఆ తేదీలే గుర్తు. అక్టోబరు 1కి దక్షిణం వైపు పెడతాను. మార్చి 9కి అక్కడినుంచి తీసేస్తాను.

దీని వెనక ఉన్న లెక్క తెలుసుకుంటే మీ ఇంటికి మీరే వేసుకోగలరు. శ్రీకాకుళం సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు మనకు దక్షిణం వైపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంత వాలుగా వస్తాడు కాబట్టి సన్‌షేడ్ కింది నుంచి ఎండ గదిలోకి దూరుతుంది. అదే మే 13 ప్రాంతానికి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడినుంచి జులై 30 ప్రాంతం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. నమ్మకం కుదరకపోతే జూన్‌లో మబ్బు లేని రోజు పన్నెండింటికి డాబా మీద కర్ర నిలబెట్టి చూడండి. ఆ నెలలో సూర్యుడు పొడిచేది కూడా తూర్పుకు 25 డిగ్రీల ఉత్తరంగానే.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, సక్యులెంట్ల గురించి చదివే చాలా చోట్ల "దక్షిణం కిటికీ మంచిది, ఉత్తరం కిటికీకి ఎండ రాదు" అని ఉంటుంది. అది మనకంటే చాలా ఉత్తరాన, చలిదేశాల్లో ఉండేవాళ్ళకు సరిపోయే మాట. ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా మన ఇళ్ళకు మే మధ్య నుంచి జులై నెలాఖరు దాకా దక్షిణం గోడకు నేరు ఎండే ఉండదు, ఉత్తరం గోడకు పొద్దునా సాయంత్రం తగులుతుంది. మా మెట్ల పక్కన ఉత్తరం గోడ మీద చిన్న అర ఉంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ చీకటి. జూన్‌లో మాత్రం పొద్దుటి ఎండ ఏటవాలుగా ఆ అర మీద పడుతుంది. ఎచెవేరియాలకు అప్పుడది మా ఇంట్లో అన్నిటికన్నా మంచి చోటు.

పడమర వైపు గురించి ఒక్క మాట. మధ్యాహ్నం రెండు దాటాక ఎండతో పాటు గోడ, గచ్చు అప్పటిదాకా పీల్చుకున్న వేడి కూడా వదులుతాయి. పడమర బాల్కనీ తప్ప వేరే దిక్కు లేనివాళ్ళు మార్చి నుంచి జూన్ దాకా ఎండను కొంత ఆపే వల, అదే షేడ్‌నెట్ కట్టుకోవాల్సిందే.

ఎడారి మొక్క అనే మాట

మా అత్తమ్మ మాట చాలామంది మాట. ఈ మొక్కలన్నీ ఇసుక ఎడారిలో ఎండకు మాడుతూ పెరిగేవి కావు. ఎచెవేరియాల సొంత ఊరు ఎక్కువగా మెక్సికో కొండలు. అక్కడ ఎండ ఉంటుంది, రాత్రి చల్లబడుతుంది. హవర్తియాలు దక్షిణ ఆఫ్రికాలో పొదల కింద, రాళ్ళ సందుల్లో నీడపట్టున పెరుగుతాయి. మన పెరళ్ళలో ఉండే రణపాల మడగాస్కర్ నుంచి వచ్చిందే.

వీటిలో ఎక్కువ మొక్కలు మామూలు మొక్కల్లా పగలు గాలి పీల్చవు. పగలు ఆకుల మీది రంధ్రాలు మూసుకుని నీళ్ళు కాపాడుకుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరుచుకుని కార్బన్ డయాక్సైడ్ లోపలికి తీసుకుని దాచుకుంటాయి. మర్నాడు ఎండ వచ్చాక ఆ దాచుకున్నదానితో ఆహారం చేసుకుంటాయి. అందుకే వీటికి పగటి ఎండ ఎంత ముఖ్యమో రాత్రి చల్లదనం అంత ముఖ్యం. మే నెలలో మన తీరంలో అర్ధరాత్రి కూడా ఉక్కే. రాత్రి సరిగ్గా ఊపిరి తీసుకోని మొక్కను పగలు నడినెత్తి ఎండలో నిలబెడితే అది తట్టుకోలేదు. రోహిణి కార్తెలో నేను వాటిని పెంచాలని చూడను. పొద్దుటి ఎండ చూపించి, నీళ్ళు తగ్గించి, ఎరువు ఆపేసి ఆ పదిహేను రోజులూ గట్టెక్కిస్తాను.

ఏ మొక్కకు ఎంత

ఎచెవేరియా, గ్రాప్టోపెటాలం, సీడం లాంటి పూరేకుల ఆకారం మొక్కలకు రోజుకు నాలుగు నుంచి ఆరు గంటల నేరు ఎండ కావాలి. అందులో ఎక్కువ భాగం పొద్దుటిదై ఉండాలి. జూన్‌లో మనకు సూర్యుడు 5:20కే పొడుస్తాడు. ఎదురుగా అడ్డం లేకపోతే తొమ్మిదిన్నరకల్లా నాలుగు గంటల ఎండ అందేసినట్టే. ఆ తరవాత నీడ పడే చోటు వెతకండి. డిసెంబరు నెలాఖరుకి 6:20 దాటితే గానీ పొడవడు, ఎండ కూడా మెత్తన, కాబట్టి అప్పుడు రోజంతా ఎండలో ఉన్నా ఫర్వాలేదు.

జేడ్ మొక్క, రణపాల, కలబంద మూడు గంటల నుంచి రోజంతా దాకా దేనికైనా సర్దుకుంటాయి, మెల్లగా అలవాటు చేస్తే. అడీనియం, నాగజెముడు, గడ్డి గులాబీ పూర్తి ఎండ మొక్కలు. వాటికి ఆరు గంటలు తగ్గితే పువ్వులు తగ్గిపోతాయి. అడీనియంను ఇంట్లో పెట్టుకోవద్దని అడిగినవాళ్ళందరికీ చెబుతాను.

హవర్తియా, గాస్టీరియాలకు పొద్దుటి ఎండ గంట, రెండు గంటలు చాలు. నేరు ఎండ లేకపోయినా మంచి వెలుతురుంటే చాలు. జీబ్రా చారల హవర్తియా నా మిషన్ బల్ల మీదే ఉంటుంది. ఇంట్లో పెంచుకోవడానికి మొదటి సక్యులెంట్ ఏది కొనాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది అదే. స్నేక్ ప్లాంట్ ఇంకా తక్కువ వెలుతురుకు ఓర్చుకుంటుంది, కానీ ఓర్చుకోవడం వేరు, పెరగడం వేరు.

కొత్త ఎండకు అలవాటు చేయడం

నేను మూడు మొక్కలు కాల్చుకున్నది ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క షేడ్‌నెట్ కింద పెరిగి ఉంటుంది. తెచ్చిన రోజే ఎండలో పెట్టకండి. మొదటి వారం నేరు ఎండ లేని మంచి వెలుతురులో ఉంచండి. రెండో వారం నుంచి పొద్దున ఎండలో అరగంట. మూడు నాలుగు రోజులకోసారి ఇంకో అరగంట పెంచండి. అలా మూడు వారాలు పడుతుంది. ఫిబ్రవరి నెలాఖరు తరవాత తెస్తే నాలుగైదు వారాలు పెట్టుకోండి, ఎందుకంటే అప్పుడు మనం పెంచేదానికి తోడు ఎండ కూడా రోజురోజుకీ పెరుగుతుంది.

కొత్త మొక్కలు తేవడానికి మనకు మంచి కాలం నవంబరు నుంచి జనవరి. తుపాన్ల భయం తగ్గాక, చలి మొదలయ్యాక.

డాబా మీద పెట్టేవాళ్ళు గచ్చు సంగతి చూసుకోవాలి. మే నెలలో చెప్పుల్లేకుండా కాలు పెట్టలేని గచ్చు మీద నల్ల ప్లాస్టిక్ కుండీ పెడితే వేళ్ళు ఉడికిపోతాయి. ఆకు పచ్చగా ఉన్నా లోపల వేరు పోతుంది. మట్టి కుండీ వాడండి, కింద రెండు ఇటుకలో చెక్కపలకో వేయండి. షేడ్‌నెట్ 50 శాతంది, అంటే సగం ఎండ ఆపేది, వ్యవసాయ సామాన్ల షాపుల్లో మీటరు లెక్కన దొరుకుతుంది. కుండీలకు ఆనకుండా మూడు నాలుగడుగుల ఎత్తున కట్టండి, కింద గాలి ఆడాలి. నెట్ లేకపోతే పాత తెల్ల నూలుచీర ఒక్క పొర కట్టినా పని జరుగుతుంది. నేను రెండు వేసవులు పొందూరు ఖద్దరు పాత పంచెతోనే గడిపాను.

ఎచెవేరియా ఆకుల మీద బూడిదలాంటి తెల్లటి పూత ఉంటుంది. అది దుమ్ము కాదు, ఎండ నుంచి కాపాడడానికి మొక్క పూసుకున్నది. నేను ఒకసారి తడిగుడ్డతో ఆకులన్నీ శుభ్రంగా తుడిచేశాను. తుడిచిన ఆకులకు ఆ పూత మళ్ళీ రాలేదు, ఎండ మచ్చలు మొదట వాటికే పడ్డాయి. వేలితో కూడా ముట్టుకోకండి. దుమ్ము పడితే మెత్తటి బ్రష్‌తో అంటీ అంటకుండా దులపండి.

వారానికోసారి కుండీని పావు వంతు తిప్పండి. కుండీ అంచున చాక్‌తో ఒక గీత పెట్టుకుంటే ఎటు తిప్పామో గుర్తుంటుంది.

మొక్క చెప్పే గుర్తులు

ఎండ తక్కువైతే ముందు మధ్యలో వచ్చే కొత్త ఆకులు పాలిపోయి, సన్నగా పొడుగ్గా వస్తాయి. తరవాత కింది ఆకులు గొడుగు తిరగేసినట్టు కిందికి వాలతాయి. ఆ తరవాత కాడ సాగుతుంది. మొదటి గుర్తు దగ్గరే పట్టుకుంటే చోటు మార్చడంతో సరిపోతుంది. సాగిన కాడ మాత్రం మళ్ళీ కుదించుకోదు. అప్పుడు చేయగలిగింది తల కోయడమే. పదునైన కత్తితో, కాడ ఒక అంగుళం ఉంచి పై పువ్వు కోయండి. నీడలో, గాలి ఆడే చోట కోసిన మొన ఎండి బెరడు కట్టేదాకా ఉంచండి. పొడిదేశాల్లో మూడు నాలుగు రోజులంటారు గానీ మన తేమకు వారం వేసుకోండి. తరవాత ఇసుక ఎక్కువ కలిపిన పొడిమట్టిలో కూర్చోబెట్టండి. కుండీలో మిగిలిన మొండెం పారేయకండి, దానికి పక్కల నుంచి పిల్లలు వస్తాయి. వానాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, మొన కుళ్ళుతుంది.

ఎండ ఎక్కువైన మచ్చ ఎప్పుడూ ఎండ తగిలే వైపే వస్తుంది. పొడిగా, తెల్లగా, తరవాత గోధుమ రంగుగా ఉంటుంది. కుళ్ళు అయితే మెత్తగా, నీరు పట్టినట్టు, లోపల కనిపించేలా పసుపు రంగులో ఉంటుంది. ఎక్కువగా కింది ఆకుల నుంచి మొదలవుతుంది. ఈ రెండింటికీ తేడా తెలియక, కాలిన మొక్కకు నీళ్ళు ఆపేసి, కుళ్ళిన మొక్కను ఎండలో పెట్టి చంపుకుంటాం. కాలిన మచ్చ పోదు. అయినా ఆ ఆకు తెంపకండి, మిగిలిన పచ్చభాగం మొక్కకు ఇంకా అన్నం పెడుతూనే ఉంటుంది. కొత్త ఆకులు వచ్చి పాతవి కిందికి జారి వాటంతటవే రాలతాయి.

అంచులు ఎర్రబడితే భయపడకండి. ఆకు గట్టిగా, నిండుగా ఉండి అంచు మాత్రం ఎరుపెక్కితే మొక్కకు మంచి ఎండ అందుతున్నట్టు. ఇది నాకు మా కన్నవారింట్లో తెలిసింది. వాళ్ళది కవిటి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడ్డప్పుడు మా పెరట్లో కొబ్బరిచెట్లు పడిపోయాయి. నుయ్యి పక్కన వాటి నీడలో ఏళ్ళ తరబడి పచ్చగా ఉన్న కలబంద ఒక్కసారిగా బయటపడింది. నెల తరవాత వెళ్తే ఆ కలబంద రాగి రంగులో ఉంది. మా అమ్మ "చెట్లతోపాటు ఇది కూడా పోయినట్టేనే" అని ఏడ్చింది. ఆకు తెంపి చూస్తే లోపల గుజ్జు నిండుగానే ఉంది. అది చచ్చిపోవడం లేదు, ఎండకు అడ్డంగా రంగు వేసుకుంది. నాలుగు కొబ్బరిమట్టలు వాలుగా పాతి నీడ కట్టాం. సంక్రాంతికల్లా మళ్ళీ పచ్చబడింది, పక్కన పిలకలు కూడా వేసింది.

తుపాను మబ్బు, వానాకాలపు చీకటి

అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే నాలుగైదు రోజులు సూర్యుడు కనిపించడు. గాలికి కుండీలు ఎగురుతాయని లోపలికి తెస్తాం. తుపాను వెళ్ళాక ఆకాశం కడిగినట్టు తేటపడి ఎండ చురుక్కుమంటుంది. లోపల ఉన్నవాటిని నేరుగా ఆ ఎండలోకి తీయకండి. రెండు రోజులు నీడలో ఉంచి, తరవాత పొద్దుటి ఎండకు మొదలుపెట్టండి.

జులై, ఆగస్టుల్లో అసలు సమస్య వెలుతురు తగ్గినా మనం నీళ్ళు తగ్గించకపోవడం. వెలుతురు లేకపోతే మొక్క నీళ్ళు తాగదు, కుండీ తడిగానే ఉంటుంది, వేరు కుళ్ళుతుంది. నీళ్ళు ఎక్కువై చచ్చిందని మనం అనుకునే మొక్కల్లో చాలావరకు వెలుతురు తక్కువై చచ్చినవే. నా మొదటి రెండు ఎచెవేరియాలు అలాగే పోయాయి. వానాకాలంలో కుండీలు వాన పడని చోట, కానీ ఆకాశం బాగా కనిపించే చోట ఉండాలి. సన్‌షేడ్ అంచు కింద గానీ, తెల్లటి పారదర్శక రేకు కింద గానీ. మొక్క దగ్గర కూర్చుని తలెత్తితే ఎంత ఆకాశం కనిపిస్తుందో అంత వెలుతురు దానికి అందుతుందని లెక్క. మట్టిలో పుల్ల గుచ్చి, పుల్ల పూర్తిగా పొడిగా వస్తేనే నీళ్ళు. అదీ పొద్దున్నే, ఆకుల మీద పడకుండా.

ఇంటికి అసలు ఎండే రానివాళ్ళు ఉంటారు. నాలుగు వైపులా మేడలు లేచాక మన ఊళ్ళో కూడా అలాంటి ఇళ్ళు పెరిగాయి. వాళ్ళు తెల్లటి 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ కొనుక్కుని, మొక్కలకు అడుగు లోపు ఎత్తున బిగించుకుంటే చాలు. 6500కె (పగటి వెలుతురులాంటి తెలుపుకు గుర్తు) అని రాసి ఉన్నది అడగండి. గులాబీరంగు ప్రత్యేక లైట్లే కావాలని లేదు. రోజుకు పన్నెండు గంటలు వెలగాలి. హవర్తియాలు దాని కింద హాయిగా పెరుగుతాయి, ఎచెవేరియాలు సాగడం కొంత తగ్గుతుంది. రాత్రంతా మాత్రం వెలిగించకండి, వాటికి చీకటి కావాలి. నా దగ్గర అలాంటిది ఒకటి మిషన్ వెనక అరకు ఉంది, వానాకాలంలో వాడతాను. పొద్దున తొమ్మిదింటికి మిషన్ దగ్గర కూర్చునేటప్పుడు వేస్తాను, రాత్రి తొమ్మిదింటికి మిషన్ మీద కవరు కప్పేటప్పుడు ఆపేస్తాను.